టైపు బాబాయి గదిలో నల్ల తెర

మా ఆసుపత్రిలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. రీస్టార్టు సారు అంటారు. ఏ గదిలో ఏ కంప్యూటర్ మొరాయించినా నా నోట మొదట వచ్చే మాట అదే కాబట్టి ఆ పేరు నాకు తగిందే. కోపం తెచ్చుకుందామన్నా ఓపిక ఉండాలిగా. అంతస్తు మీద అంతస్తు, లిఫ్టేమో రోగులకు మాత్రమే, ఇన్ని కంప్యూటర్లకీ నేనొక్కణ్ణే. మెట్లెక్కి దిగి నా మోకాళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి.

ఖర్చు కలిసొస్తుందని మావాళ్ళు అన్నిట్లోనూ లినక్స్ వేయించారు. దాని మీద నాకే ఫిర్యాదూ లేదు, చెప్పినట్టు వింటుంది. తంటా అంతా రెండు పనులు ఒక్కసారే జరగడం వల్ల వచ్చింది. కొత్త అప్‌డేట్ ఒకటి వస్తే నేనే వరసపెట్టి అన్నిటికీ ఎక్కించాను. సరిగ్గా అప్పుడే రికార్డుల విభాగానికి కొత్త సూపరింటెండెంటు మేడం దిగారు. కరెంటు దండగైపోతోందని, ఎవరూ ముట్టుకోకపోతే కాసేపటికి ప్రతి కంప్యూటరూ దానంతటదే నిద్రలోకి వెళ్ళిపోవాలని ఆవిడ ఆర్డరు వేశారు. నిద్రంటే పూర్తిగా ఆరిపోవడం కాదు. చేస్తున్న పనంతా బుర్రలో పెట్టుకుని కళ్ళు మూసుకుంటుంది. ఏదో ఒక మీట నొక్కితే ఎక్కడ ఆపామో అక్కణ్ణుంచే లేచి కూర్చుంటుంది. కూర్చోవాలి మరి.

లేస్తేగా. మీట నొక్కితే లోపల ఫ్యాను తిరుగుతుంది, పెట్టె మీద దీపం వెలుగుతుంది, తెర మాత్రం నల్లగా అలాగే ఉంటుంది. జనం రెండుసార్లు మౌసు కదిపి చూసి, పవర్ బటన్ మీద వేలు పెట్టి అది చచ్చేదాకా అదిమిపట్టి, మళ్ళీ వేసుకునేవారు. అప్పటిదాకా కొట్టి సేవ్ చేయనిదంతా గాలికి పోయేది. ఆ తర్వాత వంతు నాది.

"టీ తాగొచ్చేసరికి పోయింది సార్, పొద్దుట్నుంచి ఎక్కించిన రిజల్టులన్నీ పోయాయి" అని లాబ్ అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకునేది. "అంతా మీ అప్‌డేట్ చలవే" అని మందుల కౌంటరాయన నవ్వుతూనే పొడిచేవాడు.

నేను చేయని ప్రయత్నం లేదు. కేబుళ్ళు మార్చాను. మెమరీ పలకలు పీకి, తుడిచి, మళ్ళీ పెట్టాను. ఒకదాని పవర్ సప్లై ఇంకోదానికి వేశాను. నిద్రను పూర్తిగా తీసేస్తానంటే మేడం ఒప్పుకోలేదు. యంత్రం తనలో జరిగేదంతా రాసుకునే లాగ్ ఒకటుంటుంది, అదీ తిరగేశాను. ప్రతిదాంట్లోనూ ఆఖరి మాట ఒక్కటే, నిద్రలోకి వెళుతున్నాను అని. ఆ తర్వాత ఏమీ లేదు. ఇంకేముంది, నిద్రపోతూ పోతూనే చచ్చిపోతోంది అని తేల్చుకున్నాను. ఆ చావుకు కారణం వెతకడంలో నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఒక్క గది నుంచి మాత్రం ఫిర్యాదు రాలేదు. మేడమీద వరండా చివరనున్న టైపు గది. అక్కడున్నదీ అదే రకం పెట్టె, అదే అప్‌డేట్, అదే నిద్ర. మిగతావన్నీ చస్తుంటే అదెలా బతికుందో చూస్తే నా జబ్బుకు మందు అక్కడ దొరుకుతుందేమో అనిపించింది. మధ్యాహ్నం భోజనం కాగానే మెట్లెక్కడం మొదలుపెట్టాను. మెట్ల మీద మేడం ఎదురయ్యారు.

"ఆ చివర గదికేనా? మంచిది. ఆ కంప్యూటర్ బాగుందో లేదో చూసి పెట్టండి. వచ్చే నెల లాబ్‌కి ఇచ్చేద్దాం."

"అక్కడ టైపు బాబాయి ఉన్నాడు కదండీ."

"ఉన్నాడు. ఆ వైపు ఎప్పుడెళ్ళినా చూస్తున్నాను, తెర ఆరిపోయే ఉంటుంది. ఆయన చెవులకవి తగిలించుకుని ఊరికే వేళ్ళాడిస్తుంటాడు. పాటలు వింటాడేమో మరి. కాంట్రాక్టు ఈ నెలాఖరుతో అయిపోతోంది. పొడిగించమని నేను రాయట్లేదు."

"మరి రిపోర్టులు వస్తున్నాయిగా మేడం?"

"బయట ఏజెన్సీకి కూడా ఇస్తున్నాంగా, వాళ్ళు చేస్తున్నారు. జాలేస్తుందయ్యా, నాకు మాత్రం వేయదా? అలాగని ఎన్నాళ్ళు మోస్తాం?"

ఆవిడ దిగి వెళ్ళిపోయారు. నేను రెయిలింగు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. టైపు బాబాయి ఉద్యోగం పోతోంది. ఆ కబురు ఆయనకింకా తెలియదు. ఆ గదిలోకి వెళ్ళి ఆయన ముందు ఏ మొహం పెట్టుకోవాలో నాకు తెలియలేదు. పెట్టుకున్నా ఆయనకు కనపడదు కదా అని ఒక పనికిమాలిన ఆలోచన వచ్చింది, నా మీద నాకే చిరాకేసింది.

టైపు బాబాయికి చూపు లేదు. పుట్టుకతో కాదు. వయసులో ఉన్నప్పుడు సొంతంగా టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. కంటి వెనక పొర మెల్లమెల్లగా ఎండిపోతూ వచ్చిందట. ముందు పక్కల చూపు పోయింది, తర్వాత మధ్యలో మిగిలిందీ పోయింది. "కీబోర్డు చూడకుండా కొట్టండ్రా అని పిల్లల్ని తిట్టి తిట్టి నాకే అలవాటైపోయింది. నా తిట్లు నాకే పనికొచ్చాయి" అని చెప్పుకుని నవ్వేవాడు. భార్య ఆయన దగ్గర టైపు నేర్చుకోవడానికి వచ్చిన మనిషే. ఆవిడకు టైపు రాలేదు, మాస్టారు మాత్రం దక్కాడు. చూపు నిలవదని తెలిసే పెళ్ళి చేసుకుంది. ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక ఆయన ఒక ఆఫీసులో ఫోన్లెత్తాడు, ఇంకోచోట కవర్లు అంటించాడు, చివరికి మా దగ్గర తేలాడు. రోగిని చూశాక డాక్టర్లు రికార్డరులో గొణిగే మాటలు విని, వాటిని శుభ్రమైన రిపోర్టులుగా కొట్టి ఫోల్డరులో వేయడం ఆయన పని. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి ఆ కంప్యూటర్లో ఉంటుంది. దాని గొంతే ఆయనకు చూపు.

ఆయన భార్య మా ఆసుపత్రిలోనే, కింద బట్టల విభాగంలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. మేమందరం పిన్ని అంటాం. సాయంత్రం పని కాగానే పైకి వచ్చి, ఆయన వెనకాల నిలబడి తెర మీద అక్షరాలు పరిగెత్తుతుంటే కాసేపు చూసి, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళేది. వాళ్ళిద్దరూ మెట్లు దిగుతుంటే ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో తెలిసేది కాదు. అంత కబుర్లాడుకునేవాళ్ళు. ఈమధ్య పిన్ని బాగా చిక్కిపోయింది. ఎవరు పలకరించినా తల ఊపి పోవడమే. ఆయన్ని ఇంట్లో దించొచ్చి రాత్రి రెండో షిఫ్టు కూడా చేస్తోందని విన్నాను. ఎందుకని అడిగే తీరిక నాకెక్కడిది?

గది తలుపు తీసే ఉంది. మేడం చెప్పింది అబద్ధం కాదు. తెర నల్లగా ఉంది. దాని ముందు టైపు బాబాయి వీపు నిటారుగా పెట్టి, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని టకటకా కొట్టేస్తున్నాడు.

"ఎవరూ? రీస్టార్టేనా? నీ చెప్పుల చప్పుడు తెలుస్తూనే ఉంది. కాళ్ళీడుస్తున్నావు, ఆ మోకాళ్ళు చూపించుకోవయ్యా."

"చూపించుకుంటాలే బాబాయ్. ఏం చేస్తున్నావు?"

"ఏం చేస్తానబ్బాయ్, ఎముకల డాక్టరుగారి సణుగుడు కొడుతున్నా. నోట్లో బఠాణీలు పోసుకుని మాట్లాడతాడు."

ఆరిపోయిన యంత్రం ముందు కూర్చుని ఈయన ఏం కొడుతున్నాడు? ఒకవేళ మేడం అన్నదే నిజమా? అడిగేశాను.

"బాబాయ్, నీ తెర నల్లగా ఉంది."

"నల్లగా అంటే?"

"అంటే ఏమీ కనపడట్లేదు."

"నాకెప్పుడు కనపడింది గనక" అని నవ్వి, హెడ్‌ఫోను తీసి నా చేతిలో పెట్టాడు. "ఇదిగో, నువ్వే విను."

చెవికి పెట్టుకున్నాను. లోపల ఆ గొంతు ఆగకుండా గడగడా చదివేస్తోంది. ఎడమకాలు, మోకాలి కింద, పాత ఫ్రాక్చరు, బాగా అతుక్కుంది. ఆయన ఒక అక్షరం కొడితే అది ఒక అక్షరం పలుకుతోంది. నేను నోరు వెళ్ళబెట్టాను. ఈ యంత్రం చావలేదు. నిక్షేపంగా లేచే ఉంది, పని చేస్తూనే ఉంది. లేవనిది తెర ఒక్కటే.

ఆసుపత్రిలో ఉన్న కళ్ళన్నీ నల్ల తెరను చూసి యంత్రం పోయిందనుకున్నాయి, నావి కూడా. అందరూ వెంటనే గొంతు నొక్కి చంపేశారు కాబట్టే అది లేచానని రాసుకున్న మాటలు డిస్కులోకి చేరకుండానే పోయాయి. ఈయనొక్కడే తెరతో పని లేనివాడు, చంపలేదు. రోజూ సాయంత్రం అలాగే వదిలేసి వెళ్ళడం, పొద్దున వచ్చి ఒక మీట నొక్కగానే అది మాట్లాడడం, పని మొదలుపెట్టడం. టీ ఇచ్చే ఆవిడ చూసింది, స్ట్రెచర్లు తోసేవాళ్ళు చూశారు. చూపు లేనివాడికి తెరెందుకని కరెంటు మిగల్చడానికి ఆపుకున్నాడేమో అనుకున్నారట. అంతే, ఒక్కరూ నోరు విప్పిన పాపాన పోలేదు.

ఇప్పుడు దీని లాగ్ చదివితే అసలు సంగతి బయటపడుతుంది. నా లాప్‌టాప్ కింద ఉంది. తెచ్చుకుని దీనికి కలుపుకోవచ్చు, కానీ ఆ మెట్లు మళ్ళీ దిగి ఎక్కడమా?

"బాబాయ్, నీ పని సేవ్ చేసి కాసేపు నీ చెవులు నాకు అరువివ్వు" అన్నాను.

నేను చూడకుండా కమాండ్లు కొట్టాను, తప్పులు కొట్టాను, మళ్ళీ కొట్టాను. ఆ గొంతు లాగంతా చదవడం మొదలుపెట్టింది. ఆయనకు అలవాటైన వేగంలో నాకది ఈగల రొద తప్ప ఇంకేమీ కాదు. ఆయన విని నిదానంగా చెప్పుకుంటూ వచ్చాడు. తెలియని మాటలు ఒక్కో అక్షరం చొప్పున చెప్పాడు.

"నిద్ర నుంచి లేస్తున్నాను అంటోంది. తర్వాత డిస్కు వచ్చింది, నెట్‌వర్కు వచ్చింది. ఆగు, ఇదేదో గ్రాఫిక్స్ అంట, డ్రైవరంట. మొదలుపెట్టడం కుదరలేదు అంటోంది. మళ్ళీ అదే. మళ్ళీ అదే. అన్నిసార్లు ఒకటే పాట."

"చాలు బాబాయ్, దొరికింది దొంగ."

అప్‌డేట్‌తో పాటు వచ్చిన కొత్త కెర్నెల్‌ది తప్పు. కెర్నెలంటే వ్యవస్థ మొత్తానికి మూలకందం లాంటిది. నిద్ర లేచాక తెరను తట్టి లేపడం ఈ కొత్తదానికి చేతకావడం లేదు. లినక్స్‌లో ఉన్న మంచి గుణమేంటంటే కొత్తది వచ్చినా పాతదాన్ని పారేయదు, పక్కన పెట్టి ఉంచుతుంది. పాతదాంతో మొదలుపెట్టమని చెబితే సరిపోతుంది. ఇంత చిన్నదానికి ఇన్నాళ్ళు కేబుళ్ళు పీకానని ఏడుపొచ్చింది. ఏడవడానికీ ఓపిక ఉండాలిగా, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

బాబాయి మాత్రం ఏదో ఆలోచనలో పడ్డాడు. చేతులు కీబోర్డు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎప్పట్నుంచి ఇలా నల్లగా ఉందబ్బాయ్?"

"అప్‌డేట్ ఎక్కించినప్పట్నుంచీ అయుండాలి. వేసవి ముందర."

"అంటే మా ఆవిడ రోజూ వచ్చి నా వెనకాల నిలబడి చూస్తున్నది దీన్నేనా?"

"అవును బాబాయ్, దీన్నే."

"ఒకరోజు అడిగింది, పనేమైనా ఉంటోందా మీకు అని. నేను కొడుతూనే చెప్పా, పనికేం తక్కువ, నెత్తి మీద కుప్పలు పోశారు అని. అప్పట్నుంచే అది మాట్లాడ్డం తగ్గించేసింది. రెండో షిఫ్టు పెట్టించుకుంది, సెలవు రోజున వేరేవాళ్ళ బట్టలు తెచ్చుకుంటోంది. ఇంట్లో ఉండడానికే ఇష్టం లేదనుకున్నా. ఇన్నేళ్ళు నన్ను లాగి లాగి విసుగొచ్చేసిందనుకున్నా. అడిగితే అవునంటుందేమోనని అడగలేదబ్బాయ్."

ఆ మాట ఆయన చాలా మామూలుగా అన్నాడు. కాంట్రాక్టు సంగతి దాచి ప్రయోజనం లేదనిపించి, మేడం అన్నది కూడా ఉన్నదున్నట్టు చెప్పేశాను. "మేడంగారికీ పాపం ఇదే కనపడింది" అన్నాడు బాబాయి. నాకంత మంచితనం లేదు. మోకాళ్ళ సంగతి మర్చిపోయి మెట్లు దిగాను.

మేడంను చెయ్యి పట్టి లాక్కురావడం ఒక్కటే తక్కువ. ఆవిడ విసుక్కుంటూనే వచ్చారు. బాబాయి కొడుతుంటే హెడ్‌ఫోను ఆవిడ చెవికి ఇచ్చాను. తర్వాత పక్క గది కంప్యూటర్లో ఫోల్డరు తెరిచి ఏ రిపోర్టు ఏ పెట్టె నుంచి వచ్చిందో చూపించాను. ఏజెన్సీవి అక్కడక్కడా ఉన్నాయి, తక్కినవన్నీ ఈ గదివే. ఆవిడ ఆ జాబితాను పైనుంచి కిందిదాకా జరుపుకుంటూ చూశారు.

"ఎవరైనా నాకొక మాట చెప్పొచ్చుగా" అన్నారు చివరికి.

"మీరు ఆయన్ని ఒక మాట అడగొచ్చుగా మేడం" అన్నాను. ఉద్యోగానికి వచ్చిన ఇన్నేళ్ళలో పై అధికారికి ఎదురు మాట్లాడటం అదే మొదలు. ఆవిడ మొహం ఎర్రబడింది. తిరిగి టైపు గదిలోకి వెళ్ళి, "పొడిగింపు కాగితం ఇవాళే పంపిస్తానండీ" అని బాబాయితో చెప్పి వెళ్ళిపోయారు. క్షమాపణ అడగలేదు, అండీ అని మాత్రం అన్నారు. దాంతోనే సరిపెట్టుకున్నాం.

యంత్రాన్ని పాత కెర్నెల్‌తో మొదలుపెట్టి, నిద్రపుచ్చి, మీట నొక్కాను. తెర తెల్లగా వెలిగింది. నమ్మకం కుదరక మళ్ళీ నిద్రపుచ్చాను, మళ్ళీ లేపాను.

"వచ్చిందా?"

"వచ్చింది బాబాయ్."

"అక్షరాలు పెద్దవి చేయడం కుదురుతుందా?"

"నీకెందుకు?"

"నాక్కాదులే. తలుపు దగ్గర నుంచున్నవాళ్ళకి కనపడాలి."

అక్షరాలు పెద్దవి చేశాను. మిగతా గదులన్నీ నా కోసం కాచుకుని ఉన్నాయి. అయినా వెళ్ళబుద్ధి కాలేదు. పొద్దు వాలుతుండగా వరండాలో అడుగుల చప్పుడైంది. అరికాళ్ళు నేలకు రాసుకుంటూ, రెండడుగులకోసారి ఆగుతూ వస్తున్న నడక. నాకంటే ముందు ఆయన విన్నాడు. హెడ్‌ఫోను సర్దుకుని కొట్టడం మొదలుపెట్టాడు.

పిన్ని గుమ్మంలోకి వచ్చి ఆగింది. వేళ్ళ చివర్లు ఇస్త్రీ పెట్టె వేడికి కంది ఉన్నాయి. తెర మీద వాక్యాలు ఒకదాని కింద ఒకటి దిగుతున్నాయి, గుండె చప్పుడు మామూలుగానే ఉంది, వాపు తగ్గింది, మందులు కొనసాగించాలి అని. ఆవిడ రెండడుగులు లోపలికి వేసింది.

"ఇవి మీరు కొడుతున్నవేనా?"

"మరెవరు కొడతారే?"

"మరి ఇన్నాళ్ళూ?"

"ఇన్నాళ్ళూ ఇవే కొట్టా. తెర ఆరిపోయిందంట, నాకు తెలీదు. ఇప్పుడే రీస్టార్టు చెప్పాడు, బాగు కూడా చేశాడు. కాంట్రాక్టు పొడిగిస్తారంట."

పిన్ని గోడవార ఉన్న బల్ల మీద కూలబడింది. "మీ పని పీకేశారనుకున్నానండీ. జాలిపడి కాంట్రాక్టు అయ్యేదాకా జీతం ఇస్తున్నారనుకున్నా. నేను బాధపడతానని ఉత్త డబ్బా ముందు కూర్చుని కొడుతున్నట్టు నటిస్తున్నారనుకున్నా. రోజూ ఆ నల్లదాని ముందు మీ వేళ్ళు ఆడుతుంటే నా కడుపు తరుక్కుపోయేది. అడిగితే మీ పరువు పోతుందని అడగలేదు."

"నువ్వు నాతో విసిగిపోయావనుకున్నానే."

"విసిగిపోయానండీ. నిద్ర లేక. మీతో కాదు."

నేను సామాను సర్దుకుంటున్నట్టు కిందకి వంగి, సర్దినవే మళ్ళీ సర్దాను. కాసేపటికి బాబాయి, "ఈ ఒక్క రిపోర్టు అయిపోగానే పోదామే" అన్నాడు. "కొట్టండి, చూస్తుంటాను" అంది పిన్ని.

చూస్తూ చూస్తూనే ఆవిడ తల గోడకు ఆనింది. నోరు కొంచెం తెరుచుకుంది. బాబాయి హెడ్‌ఫోను ఒక చెవి మీంచి పక్కకు జరుపుకుని విన్నాడు.

"పడుకుందా?" అన్నాడు నెమ్మదిగా.

"పడుకుంది బాబాయ్."

"లేపకు."

నేను తలుపు దగ్గరగా వేసి బయటికి వస్తుంటే తెర మీద ఆ రిపోర్టు ఎప్పుడో అయిపోయి ఉంది. ఆయన మీటల చప్పుడు వినపడకుండా మెత్తగా నొక్కుతూ ఇంకొకటి మొదలుపెట్టాడు.